పురుగుమందుల పిచికారీలో వృత్తి భద్రతా శిక్షణ, అర్హతలు: ఒక పరిశీలన

సారాంశం

మన దేశంలో పురుగుమందును తయారుచేసే కర్మాగారంలోను, విక్రయించే దుకాణంలోను, గోదాములలో ధూమీకరణ చేసే సంస్థలోను పనిచేసేవారికి చట్టం ఏదో ఒక విద్యార్హతను లేదా శిక్షణను నిర్దేశించింది. అదే మందును నీటిలో కలిపి, వీపున మోసి, పైరుపై చల్లే వ్యక్తికి మాత్రం ఏ అర్హతా అవసరం లేదు. ఈ వ్యాసం ఆ అంతరానికి గల కారణాలను పరిశీలించి, పిచికారీ పనివారికి అవగాహన సదస్సులకు బదులుగా నైపుణ్య పరీక్షతో కూడిన శిక్షణను విస్తరణ విభాగాలు ఎట్లా రూపొందించవచ్చునో వివరిస్తుంది.

ఉపోద్ఘాతం

2017 ఖరీఫ్‌లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో పత్తి పైరుపై మందు చల్లుతూ ఇరవైమందికి పైగా రైతులు, కూలీలు విషప్రభావంతో మరణించారు. వందలాదిమంది ఆసుపత్రుల పాలయ్యారు. ఆ జిల్లాకు, మన ఆదిలాబాద్ జిల్లాకు నడుమ ఉన్నది పెన్‌గంగ నది మాత్రమే. నదికి ఇరువైపులా నల్లరేగడి నేలలే, అదే పత్తి, అవే మందులు, అవే పంపులు. కనుక యవత్మాల్ అనుభవాన్ని పొరుగు రాష్ట్రపు వార్తగా భావించి విడిచిపెట్టడానికి వీలులేదు.

ఇటువంటి సంఘటన జరిగిన ప్రతిసారీ "రైతులకు అవగాహన లేదు" అనే మాట వినిపిస్తుంది. అవగాహన కల్పించే బాధ్యత విస్తరణ శాస్త్రవేత్తలపై పడుతుంది. ఒక సమావేశం, ఒక కరపత్రం, చేతి తొడుగుల పంపిణీ, ఒక ఛాయాచిత్రంతో కార్యక్రమం ముగుస్తుంది. అయితే వృత్తి భద్రతా రంగంలో అవగాహన వేరు, యోగ్యత వేరు. ప్రమాదాన్ని గురించి విని ఉండడం అవగాహన. ప్రమాదం లేకుండా పనిని చేసి చూపగలగడం, దానిని మరొకరు పరీక్షించి ధ్రువీకరించడం యోగ్యత. మన పిచికారీ పనివారికి మొదటిది అరకొరగానైనా అందుతున్నది. రెండవది దాదాపుగా లేదు.

ఎవరికి ఏ అర్హత?

కర్మాగారంతో ఆరంభిద్దాం. 1984 డిసెంబరులో జరిగిన భోపాల్ దుర్ఘటన ఒక పురుగుమందుల కర్మాగారంలో సంభవించినదే. దాని ఫలితంగా 1987లో కర్మాగారాల చట్టం సవరించబడింది. ప్రమాదకర ప్రక్రియలకు ప్రత్యేక అధ్యాయం చేర్చబడింది. హానికర పదార్థాల నిర్వహణను తగిన అర్హత, అనుభవం గలవారే పర్యవేక్షించాలన్న నియమం వచ్చింది. ఆరోగ్య, భద్రతా విషయాలలో శిక్షణ పొందడం కార్మికుని హక్కుగా గుర్తించబడింది. ఆ చట్టం స్థానంలో వచ్చిన 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల నియమావళి ప్రకారం ప్రమాదకర ప్రక్రియలు గల కర్మాగారంలో 250 మంది కార్మికులు ఉంటే భద్రతాధికారిని నియమించవలసి ఉంటుంది. భద్రతాధికారికి సాంకేతిక విద్యతోపాటు పారిశ్రామిక భద్రతలో డిగ్రీ లేదా డిప్లొమా, కార్మికులలో అధిక సంఖ్యాకులు మాట్లాడే భాషలో పరిజ్ఞానం ఉండాలన్నది ఈ రంగంలో చిరకాలంగా ఉన్న నియమం.

రెండవది ధూమీకరణ. అల్యూమినియం ఫాస్ఫైడ్, మిథైల్ బ్రోమైడ్ వంటి వాటితో నిల్వ పురుగులను నివారించే సంస్థ లైసెన్సు పొందాలంటే, 1971 నాటి కీటకనాశినుల నియమాల ప్రకారం దరఖాస్తుదారు వ్యవసాయశాస్త్రంలో గాని, రసాయనశాస్త్రం ఒక పాఠ్యాంశంగా విజ్ఞానశాస్త్రంలో గాని పట్టభద్రుడై, నిర్దేశిత సంస్థలో కనీసం 15 రోజుల శిక్షణ పొందినట్లు ధ్రువపత్రం చూపాలి. ఆ సంస్థలలో ఒకటి హైదరాబాదు రాజేంద్రనగర్‌లో ఉన్నది. 1966లో మొక్కల సంరక్షణ శిక్షణ సంస్థగా ఏర్పడి, 2008 నుంచి జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థగా అది పనిచేస్తున్నది.

మూడవది విక్రయం. 2015లో చేసిన సవరణ ద్వారా పురుగుమందుల విక్రయ లైసెన్సుకు సంబంధిత శాస్త్రాలలో పట్టభద్రత అవసరమైంది. అప్పటికే వ్యాపారంలో ఉన్నవారి కొరకు తరువాతి కాలంలో సడలింపులు, 12 వారాల సర్టిఫికెట్ కోర్సు వచ్చాయి. ఇంతకు పూర్వమే, 2003లో, హైదరాబాదులోని జాతీయ వ్యవసాయ విస్తరణ యాజమాన్య సంస్థ (మేనేజ్) ఉత్పాదకాల విక్రేతల కొరకు 'దేశీ' డిప్లొమాను ప్రారంభించింది. 48 వారాల ఈ కోర్సులో 40 తరగతులు, 8 క్షేత్ర సందర్శనలు ఉంటాయి.

నాలుగవది డ్రోన్. 2021 నాటి డ్రోన్ నియమాల ప్రకారం వ్యవసాయ డ్రోన్‌ను నడిపే వ్యక్తి పదవ తరగతి ఉత్తీర్ణుడై, గుర్తింపు పొందిన సంస్థలో శిక్షణ పొంది, రిమోట్ పైలట్ ధ్రువపత్రం సంపాదించాలి. మందుకు కొన్ని మీటర్ల దూరంలో నిలబడి యంత్రాన్ని నడిపే వ్యక్తికి ఈ నియమం వర్తిస్తున్నది. అయితే దీనికి మూలం పురుగుమందుల చట్టం కాదు, విమానయాన చట్టం. ఆకాశ భద్రత దృష్ట్యా వచ్చిన అర్హత ఇది.

ఇక వీపు పంపుతోనో, తైవాన్ పంపుతోనో రోజంతా పైరులో నడిచే కూలీకి, బిందెతో నీళ్లు తెచ్చి మందు కలిపి ఇచ్చే మహిళకు ఏ ధ్రువపత్రమూ అక్కరలేదు. మందుకు దూరంగా ఉన్నవారికి అర్హత ఎక్కువ, మందుకు దగ్గరగా ఉన్నవారికి తక్కువ. ఇదీ ప్రస్తుత స్థితి.

ఈ అంతరానికి కారణాలు

1958లో కేరళలో పారాథియాన్‌తో కలుషితమైన గోధుమపిండి తిని వందమందికి పైగా మరణించారు. సరకు రవాణాలో మందు, ఆహారం ఒకేచోట ఉండడం అందుకు కారణం. దాని పర్యవసానంగా 1968లో కీటకనాశినుల చట్టం వచ్చింది. కనుక నమోదు, ప్యాకింగు, రవాణా, నిల్వ, విక్రయాలపైనే చట్టం దృష్టి ప్రధానంగా నిలిచింది. స్వంత సాగులో ఉన్న భూమిలో ఎవరైనా పురుగుమందు వాడుకోవడానికి ఈ చట్టం వర్తించదని 38వ సెక్షను స్పష్టంగా చెబుతున్నది.

ఆ చట్టం కింద వచ్చిన నియమాలలో భద్రతాంశాలు లేకపోలేదు. పిచికారీ పనిలో చేరేవారికి ముందుగా వైద్యపరీక్ష జరగాలని 37వ నియమం చెబుతుంది. తయారీలో ఆర్గానోఫాస్ఫరస్, కార్బమేట్ మందులతో పనిచేసేవారి రక్తంలో కోలినెస్టరేస్ స్థాయిని నెలకొకసారి కొలవాలని కూడా అదే నియమంలో ఉన్నది. భద్రతా జాగ్రత్తలలో తగిన శిక్షణ ఏర్పాటు చేయాలని 42వ నియమం నిర్దేశిస్తుంది. అయితే ఆ బాధ్యత తయారీదారులు, పంపిణీదారులు, లైసెన్సు పొందిన నివారణ సంస్థలపై ఉన్నది. నలుగురు కూలీలను పిలిచి మందు కొట్టించే రైతు ఈ పరిధిలోకి రాడు. 2020 నియమావళి కూడా సాధారణంగా పదిమంది లేదా అంతకు మించి కార్మికులున్న సంస్థలను ఉద్దేశించినది. చిన్న కమతం దానికి వెలుపలనే నిలుస్తుంది.

అంతర్జాతీయంగా పరిస్థితి కొంత భిన్నం. 2001లో అంతర్జాతీయ కార్మిక సంస్థ వ్యవసాయంలో భద్రత, ఆరోగ్యంపై 184వ ఒడంబడికను ఆమోదించింది. భారతదేశం దానిని ధ్రువీకరించలేదు. ఐరోపా సమాఖ్య 2009లో జారీచేసిన ఆదేశం వృత్తిరీత్యా మందు వాడేవారికి, పంపిణీదారులకు, సలహాదారులకు, ముగ్గురికీ, శిక్షణను, ధ్రువపత్రాన్ని నిర్దేశించింది. బ్రిటన్‌లో 1964 డిసెంబరు 31కి పూర్వం పుట్టిన రైతులకు అనుభవం పేరిట ఉన్న మినహాయింపును 2015 నవంబరులో తొలగించారు. ఎన్నో ఏళ్లుగా చేస్తున్న పని అయినంత మాత్రాన అది సురక్షితంగా చేస్తున్న పని కాదన్న గుర్తింపు అందులో ఉన్నది.

అపాయం ఎక్కడ ఉన్నది?

శిక్షణలో ఏమి బోధించాలో నిర్ణయించడానికి ముందు మందు శరీరంలోకి ఏ మార్గంలో చేరుతున్నదో తెలియాలి. ముక్కుకు గుడ్డ కట్టుకుంటే చాలునన్న భావన గ్రామాలలో బలంగా ఉన్నది. కాని పిచికారీలో విషం ప్రధానంగా చేరేది చర్మం ద్వారా. పారాథియాన్‌తో మనుషులపై జరిపి 1971లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, పూసిన మందులో ముంజేతి చర్మం ద్వారా సుమారు 9 శాతం, అరచేతి ద్వారా 12 శాతం, నుదుటి ద్వారా 36 శాతం, చంకల ద్వారా 64 శాతం శరీరంలోకి చేరింది. వృషణాల చర్మం ద్వారా దాదాపు మొత్తం చేరింది. నడుము ఎత్తు దాటిన పత్తిలో ముందుకు నడుస్తూ మందు కొట్టే వ్యక్తికి తొడలు, గజ్జలు తడుస్తాయి. కారే పంపు వీపును, నడుమును తడుపుతుంది. తడిసిన లుంగీతోనో ప్యాంటుతోనో సాయంత్రం వరకు పనిచేయడం ఎంతటి అపాయమో పై అంకెలు తెలుపుతున్నాయి.

రెండవ అంశం మందు కలపడం. ఉదాహరణకు ఎకరాకు 200 లీటర్ల ద్రావణం, 400 మి.లీ. మందు అవసరమని అనుకుందాం. 16 లీటర్ల పంపుతో ఎకరాకు పన్నెండున్నర పంపులు పడతాయి. ఒక్కొక్క పంపుకు కలపవలసిన మందు 32 మి.లీ. నాలుగు ఎకరాలకు యాభై పంపులు. అంటే నీటితో పలుచబడని చిక్కటి మందు వద్దకు ఒక చేయి రోజులో యాభైసార్లు వెళుతుంది. ఆ చేయి చాలాచోట్ల మహిళది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని మూడు గ్రామాలలో యాభైమంది పత్తి సాగుచేసే మహిళలు తమకు, తమ కుటుంబాలలోని పురుషులకు కలిగిన లక్షణాలను ఒక పంటకాలమంతా నమోదు చేయగా, ఆ అధ్యయనం 2005లో ప్రచురితమైంది. నమోదైన 323 సందర్భాలలో 83.6 శాతం సందర్భాలలో స్వల్పం నుంచి తీవ్రం వరకు విషలక్షణాలు కనిపించాయి. చిక్కటి మందు కలపడం, పంపు నింపడం వంటి మహిళల పనులు పిచికారీతో సమానంగా ప్రమాదకరమని తేలింది. 6 శాతం సందర్భాలలో నాడీ సంబంధ లక్షణాలు అతితీవ్రంగా ఉన్నప్పటికీ ఒక్కరు కూడా వైద్యుని వద్దకు వెళ్లలేదు. భూస్వాముల కంటె సన్నకారు రైతులే తీవ్ర విషప్రభావానికి ఎక్కువగా గురయ్యారు.

ఈ ఫలితాలను బట్టి శిక్షణకు అభ్యర్థులు ఎవరో తెలుస్తున్నది. పట్టాదారు పాసుపుస్తకం ఉన్న రైతును పిలిచి, మందు కొట్టే కూలీని, మందు కలిపే మహిళను పిలవని శిక్షణ తన లక్ష్యాన్ని చేరదు.

యోగ్యతా శిక్షణ: ఒక నమూనా

కృషి విజ్ఞాన కేంద్రాలు, ఏరువాక కేంద్రాలు తమ పరిధిలో అమలు చేయదగిన మూడు రోజుల నమూనాను ఇక్కడ ప్రతిపాదిస్తున్నాము. చదువు వచ్చి ఉండాలన్న నిబంధన పెట్టరాదు. బృందంలో ఇరవైమందికి మించకుండుట మంచిది. ప్రతి అభ్యర్థీ స్వయంగా చేసి చూపవలసిన ఆరు నైపుణ్యాలు ఇవి.

1. గుర్తింపు: డబ్బాపై గల త్రికోణపు రంగును బట్టి విషతీవ్రతను చెప్పగలగాలి. ఎరుపు అత్యంత విషపూరితం (నోటి ద్వారా ఎల్‌డి 50 విలువ కిలోకు 1–50 మి.గ్రా.), పసుపు అధిక విషపూరితం (51–500), నీలం మధ్యస్థం (501–5000), ఆకుపచ్చ స్వల్పం (5000కు పైగా). అక్షరాలు చదవలేని వారు కూడా రంగును చదవగలరు. ఆకుపచ్చ అంటే ప్రమాదమే లేదని అర్థం కాదన్న విషయం ఇక్కడే స్పష్టం చేయాలి.

2. కొలత, కలపడం: సీసా మూతతో గాక కొలపాత్రతో కొలవడం, తొడుగులు ధరించిన తరువాతనే డబ్బా తెరవడం, కర్రతో కలపడం, గాలి వీపువైపు నుంచి వచ్చేటట్లు నిలబడడం. సిఫారసు లేకుండా రెండు మూడు మందులను ఒకే పంపులో కలపరాదు.

3. పంపు పరీక్ష: మందు పోయక ముందు మంచినీటితో నింపి పట్టీలు, గొట్టం, మూత, కవాటం వద్ద కారుడును పరిశీలించడం, నాజిల్‌ను ఎన్నుకోవడం, నిమిషానికి వెలువడే ద్రావణాన్ని కొలవడం. పూడిపోయిన నాజిల్‌ను నోటితో ఊదరాదు. మెత్తని బ్రష్‌తో గాని నీటితో గాని శుభ్రపరచాలి.

4. శరీర రక్షణ: పొడవు చేతుల చొక్కా, ప్యాంటు, రసాయనాలను తట్టుకునే తొడుగులు, బూట్లు, కళ్లద్దాలు, నడుము కింది భాగానికి నీరు దిగని ఆచ్ఛాదన. ప్యాంటు అంచు బూటు లోపల గాక వెలుపల ఉండాలి. లేనిచో కారిన మందు బూటులో చేరుతుంది. నూలు చేతితొడుగు మందును పీల్చి చర్మానికి అంటిపెట్టుకొని ఉంచుతుంది గనుక అది రక్షణ కాదు.

5. పని విధానం: ఉదయం లేక సాయంత్రపు చల్లని వేళలను ఎన్నుకోవడం, గాలికి అడ్డంగా నడుస్తూ చల్లిన భాగం గాలివాలున మిగిలేటట్లు సాగడం, బట్టలు తడిసిన వెంటనే పని ఆపి సబ్బుతో కడుక్కొని మార్చుకోవడం, ఖాళీ డబ్బాను మూడుసార్లు కడిగి ఆ నీటిని పంపులోనే పోసి, డబ్బాకు రంధ్రాలు చేయడం, పని బట్టలను ఇతర బట్టలతో కలపక ఉతకడం.

6. లక్షణాలు, ప్రథమ చికిత్స: వడదెబ్బకు, మందు ప్రభావానికి తేడా తెలియాలి. రెండింటిలోను తలతిరుగుడు, నీరసం ఉండవచ్చు. కంటిపాప సూదిమొనలా కుంచించుకుపోవడం, నోట చొంగ, కండరాల అదురు ఆర్గానోఫాస్ఫరస్ ప్రభావానికి సూచనలు. బాధితుని పైరు నుంచి తొలగించి, బట్టలు విప్పి, సబ్బునీటితో కడిగి, 108కి తెలిపి, మందు డబ్బా లేబుల్‌తో సహా ఆసుపత్రికి చేర్చాలి. విరుగుడు మందును నిర్ణయించడానికి వైద్యునికి ఆ లేబుల్ అవసరం.

బోధనలో ప్రదర్శనకు ప్రాధాన్యం ఇవ్వాలి. పంపులో హానిలేని రంగునీరు పోసి, తెల్లని దుస్తులు ధరించిన అభ్యర్థి చేత పది నిమిషాలు పిచికారీ చేయిస్తే, మందు శరీరంపై ఎక్కడెక్కడ పడుతున్నదో అతని బట్టలే చూపుతాయి. గంట ఉపన్యాసం చెప్పలేనిది అది చెబుతుంది.

మూల్యాంకనం

వ్రాత పరీక్ష ఇందుకు తగదు. పరిశీలకుడు జాబితాతో నిలబడి ఒక్కొక్క అభ్యర్థి చేసే పనిని గమనించాలి. జాబితాలో కొన్ని అంశాలను కీలక అంశాలుగా గుర్తించాలి: తొడుగులు లేకుండా డబ్బా తెరవకపోవడం, చేతితో కలపకపోవడం, కారుడు పరీక్షించడం, నాజిల్‌ను నోట పెట్టకపోవడం, తడిసినప్పుడు పని ఆపడం. మొత్తం మార్కులు ఎన్ని వచ్చినా వీటిలో ఒక్కటి తప్పినా ఆ రోజు ధ్రువపత్రం ఇవ్వరాదు. మరల నేర్పి మరల పరీక్షించాలి. ధ్రువపత్రానికి మూడేళ్ల గడువు పెట్టి, ఏటా ఖరీఫ్‌కు ముందు ఒకపూట పునశ్చరణ జరపడం ఉచితం.

ఈ ధ్రువపత్రానికి విలువ ఎట్లా వస్తుంది? యంత్రాలను అద్దెకిచ్చే కేంద్రాలు, రైతు ఉత్పత్తిదారుల సంఘాలు, విత్తనోత్పత్తి క్షేత్రాలు, విశ్వవిద్యాలయ పరిశోధన క్షేత్రాలు యోగ్యత గలవారినే పిచికారీకి నియమించాలని ముందుగా నిర్ణయించుకుంటే కూలీరేటులో వ్యత్యాసం వస్తుంది. జాతీయ నైపుణ్య వ్యవస్థలో పూర్వానుభవాన్ని పరీక్షించి గుర్తించే పద్ధతి ఉన్నందున, ఏళ్ల తరబడి ఈ పనిచేస్తున్నవారు పనిదినాలను ఎక్కువగా కోల్పోకుండా దీనిని పొందే మార్గం ఉన్నది. మన పరిశోధన క్షేత్రాలలో మందు కొట్టే కూలీలతోనే దీనిని ఆరంభించడం సముచితం.

ఒక హెచ్చరిక

శిక్షణ ఇచ్చామన్న కారణంతో ప్రమాద బాధ్యతను కూలీపై నెట్టే అవకాశం ఉన్నది. వృత్తి భద్రతా శాస్త్రంలో నివారణ చర్యలకు ఒక క్రమం ఉన్నది: మొదట అపాయాన్ని తొలగించడం, తరువాత తక్కువ అపాయకరమైన దానిని ఎన్నుకోవడం, పిదప సాధనాలను మెరుగుపరచడం, పని పద్ధతిని మార్చడం, చివరగా వ్యక్తిగత రక్షణ సామగ్రి. అసౌకర్యమైన, ఖరీదైన, సులభంగా దొరకని రక్షణ సామగ్రి అవసరమయ్యే మందులను, ముఖ్యంగా ఉష్ణదేశాలలోని చిన్న రైతుల విషయంలో, నివారించాలని ఆహార వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థల అంతర్జాతీయ ప్రవర్తనా నియమావళి సూచిస్తున్నది. ఆగస్టు మాసపు ఉక్కలో పూర్తి రక్షణ దుస్తులతో గంటల తరబడి పనిచేయడం కష్టసాధ్యం. కనుక సమగ్ర సస్యరక్షణ ద్వారా పిచికారీల సంఖ్య తగ్గించడం, ఎరుపు త్రికోణపు మందును సిఫారసు చేయకుండుట శాస్త్రవేత్త బాధ్యత. సామగ్రి సమకూర్చడం పని చేయించే వ్యక్తి బాధ్యత. ఈ రెండూ నెరవేరిన తరువాతనే కూలీ నైపుణ్యాన్ని ప్రశ్నించడం న్యాయం. కారే పంపును భుజానికెత్తుకోనని చెప్పగల ధైర్యం కూడా శిక్షణ ఫలితాలలో ఒకటి కావాలి.

విద్యార్థులకు పరిశోధనాంశాలు

విస్తరణ విద్యలో శిక్షణ ప్రభావాన్ని సాధారణంగా ముందు, తరువాత జ్ఞాన పరీక్షల మార్కులతో కొలుస్తారు. ఈ విషయంలో అది చాలదు. శిక్షణ పొందిన వ్యక్తి ఉదయం తొడుగులు ధరించాడా అన్నదాని కంటె నాలుగవ గంటలో అవి చేతికి ఉన్నాయా అన్నది ముఖ్యం. పంటకాలానికి ముందు, నడుమ కోలినెస్టరేస్ స్థాయిలలో మార్పు, అస్వస్థతతో కోల్పోయిన పనిదినాలు, మందు కలిపే మహిళల చేతుల శుభ్రత, ధ్రువపత్రం గలవారికి లభించిన కూలీలో వ్యత్యాసం వంటివి పరిశోధన ద్వారా తేల్చదగిన అంశాలు. వైద్య కళాశాలల సామాజిక వైద్య విభాగాలతో కలిసి పనిచేస్తే ఇటువంటి అధ్యయనాలు సాధ్యమవుతాయి.

ముగింపు

కేరళ దుర్ఘటన తరువాత రవాణా, విక్రయాలపై నియమాలు వచ్చాయి. భోపాల్ తరువాత కర్మాగార కార్మికునికి శిక్షణ హక్కు వచ్చింది. పొలంలో మందు ప్రభావానికి లోనయ్యేవారు వేర్వేరు గ్రామాలలో, వేర్వేరు రోజులలో, ఒక్కొక్కరుగా అస్వస్థులవుతారు. అందుచేత వారి బాధ చాలావరకు లెక్కలోకి రాదు. చట్టం మారేవరకు వేచి ఉండనవసరం లేదు. వచ్చే ఖరీఫ్‌కు ముందు ప్రతి కృషి విజ్ఞాన కేంద్రం ఇరవైమంది పిచికారీ పనివారిని, వారిలో సగం మంది మందు కలిపే మహిళలు ఉండేటట్లు ఎంపికచేసి, పైన తెలిపిన విధంగా శిక్షణ ఇచ్చి పరీక్షించగలదు. ఆ ఫలితాలను నమోదు చేసి పోల్చిచూస్తే, పిచికారీ పనికి యోగ్యతా నియమం అవసరమని ప్రభుత్వానికి నివేదించడానికి తగిన ఆధారం మన చేతిలో ఉంటుంది.